మార్క్ గారి ఫ్లెక్సీ

మార్క్ మళ్ళీ వస్తున్నాడని శ్రీరమ్య చెప్పినప్పుడు నేను అంకమ్మరావు బాబాయి కల్లంలో తాలు కాయలు ఏరుతున్నాను. ఎర్రగా ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన పనికిమాలిన కాయల్ని ఏరి పక్కన పడేయడం మా పని. ఆ అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని ఎండలో నిలబడి చెప్పింది.

"నజీరా గారూ, అప్పట్లో మీ ఫోటో తీశారే, ఆయన ఇంగ్లండు నుంచి వస్తున్నారు. నేను ఇప్పుడు ఆయన ఫోటోలిచ్చే సంస్థలోనే పనిచేస్తున్నా. అప్పటి మనుషులు ఇప్పుడెలా ఉన్నారో చూపిస్తూ కొత్త పుస్తకం వేస్తారంట. ముందు మిమ్మల్నే కలవాలంటున్నారు."

"రమ్మను," అన్నాను.

పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరూ పని ఆపి నా మొహంలోకి చూశారు. శాపనార్థాలు పెడతాననుకున్నారు కాబోలు. నేను మళ్ళీ కాయల మీదికి వంగాను. నాకు భయమేం లేదు. మూడేళ్ళుగా ఎవడి కోసం కాచుకుని కూర్చున్నానో, వాడు తన కాళ్ళతో తనే నడిచి వస్తున్నాడన్న సంతోషం.

ఆ కక్ష ఏమిటో చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఆ ఏడు మా వైపు మిరపతోటలకి నల్ల తామర పురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మా ఆయన హయాత్‌కి పర్చూరు బస్టాండు ఎదురుగా చిన్న కొట్టుంది. మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. ఇరవై ఏళ్ళు ఊరందరి పంపులూ బాగుచేసిన మనిషికి సరిగ్గా ఆ ఏడే సొంతంగా సేద్యం చేయాలని బుద్ధి పుట్టింది. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. జనవరికల్లా ఆకులు ముడుచుకుపోయి చేనంతా మోడుల్లా నిలబడింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి రాలేదని చేలోకి వెళ్ళాను. మోటారు గది వెనక నీడలో కూర్చుని ఉన్నాడు. చేతిలో పురుగుమందు సీసా ఉంది. మూత తీసి ఉంది. నేను అరవలేదు. వెళ్ళి సీసా లాక్కుని దూరంగా విసిరికొట్టి, లాగి చెంప మీద ఒక్కటిచ్చాను. అంత కాపురంలో మొగుడి మీద చెయ్యెత్తడం అదొక్కసారే. ఆయన నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఎవరికీ చెప్పకు నజీరా. అల్లా మీద ఒట్టెయ్యి," అన్నాడు.

ఒట్టేశాను. మా అమ్మాయి నగ్మాకి కూడా చెప్పలేదు. మరి ఇప్పుడు చెప్తున్నావేం అంటారా, ఆ ఒట్టు ఎందుకు చెల్లిపోయిందో మీకే తెలుస్తుంది.

మార్చిలో మార్క్ వచ్చాడు. బయటి దేశాల్లో కష్టాల్లో ఉన్న జనాన్ని ఫోటోలు తీసి, వాటిని ధర్మసంస్థకి ఉచితంగా ఇచ్చే మనిషట. ఆ ఫోటోలు చూసి వాళ్ళ దేశంలో జనం చందాలిస్తారట. గుంటూరు నుంచి ఒకాయన మాటలు అటూ ఇటూ చెప్పడానికి వెంట వచ్చాడు. నేను కల్లంలో కూర్చుని కాయలకి తొడిమలు తుంచుతున్నాను. అది తేజ రకం. దాని ఘాటుకి కొత్తవాళ్ళు కల్లం గట్టు మీద కూడా నిలబడలేరు. మాకు అలవాటే అయినా గాలి తిరిగినప్పుడల్లా కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోతాయి.

తొడిమలు తుంచేటప్పుడు మా ఆడవాళ్ళు చేతులకి గాజులు ఉంచుకోరు. కారం ధూళి గాజుల కింద చేరి, చెమట తగిలి, మణికట్టంతా పుండవుతుంది. పొద్దున కల్లంలోకి రాగానే గాజులు తీసి క్యారేజీ మూతలో పెట్టుకుంటాం. చేతులకి ఆముదం రాసుకుని పనిలో కూర్చుంటాం. సాయంత్రం చేతులు కడుక్కుని మళ్ళీ తొడుక్కుంటాం. ఇది ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు.

మార్క్ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని టకటకా ఫోటోలు కొట్టాడు. తర్వాత మర్యాదగానే అడిగాడు, పేరేంటి, పిల్లలెందరు, మీ ఆయన ఏం చేస్తాడు అని.

"పర్చూరులో కొట్టుందండీ. మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు," అన్నాను.

గుంటూరాయన అది ఇంగ్లీషులో చెప్పాడు. మార్క్ నా కళ్ళముందే నల్ల అట్ట పుస్తకంలో రాసుకున్నాడు. ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం మీద నాచేత సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏముందని అడిగితే "ఏం లేదమ్మా, మామూలుదే" అన్నాడు గుంటూరాయన.

మరుసటి ఏడు నగ్మా ఆ ఫోటోని ఇంటర్నెట్‌లో చూసింది. అది చీరాలలో స్టూడియోలో పనిచేస్తుంది. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ ఫోటోలు తీస్తుంది. ఎవరో మిర్చి వ్యాపారి క్యాలెండరు కోసం బొమ్మలు వెతుకుతుంటే తల్లి మొహం కనబడింది. కింద ఇంగ్లీషులో ఇలా ఉంది: "నజీరా, వితంతువు. 'నా భర్త పురుగుమందు తాగి చనిపోయాడు. కన్నీళ్ళు తప్ప నాకిక ఎవరూ లేరు.'" ఆ మాటలు నేనే అన్నట్టు కొటేషన్ మార్కుల్లో పెట్టారు.

పిచ్చిపిల్ల, అది నా దగ్గరికి రాకుండా నేరుగా వాళ్ళ నాన్న కొట్టుకి వెళ్ళింది. "నాన్నా, నిన్ను చంపేశారు చూడు," అని నవ్వుతూ ఫోను చూపించిందట. ఆయన నవ్వలేదు. చేతిలో పానా కింద పెట్టేసి నేరుగా ఇంటికి వచ్చాడు.

"ఆ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. వాడికెట్లా తెలిసింది?" అన్నాడు.

"వాడికేం తెలీదయ్యా. ఊరికే రాశాడు."

"ఊరికే రాసేవాడు గుండెపోటని రాయొచ్చు, లారీ గుద్దిందని రాయొచ్చు. సరిగ్గా పురుగుమందనే ఎందుకు రాశాడే?"

ఎందుకు రాశాడో నాకు మాత్రం ఏం తెలుసు? ఒట్టు తప్పలేదని చెప్పాను. ఏడ్చి చెప్పాను, అరిచి చెప్పాను, నగ్మా తలమీద చెయ్యి పెట్టి చెప్పాను. ఆయన రెండు లుంగీలూ ఒక దుప్పటీ సంచిలో పెట్టుకుని పర్చూరు వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ మకాం కొట్లోనే, తిండి హోటల్లోనే. మూడేళ్ళు గడిచాయి. ఎదురుపడితే తల తిప్పుకుంటాడు.

ఊరు ఊరుకుంటుందా? ఫోటో అందరి ఫోన్లలోకీ పాకింది. "ఏరా కీర్తిశేషా, నా పంపు రెడీ అయిందా?" అని కొట్టు ముందు నిలబడి అరిచేవాళ్ళు మగాళ్ళు. ఆడవాళ్ళు నన్ను చాటుగా అడిగేవాళ్ళు, మొగుడు పోయాడని చెప్పినందుకు ఎంత ముట్టిందే అని. నాకు పైసా ముట్టలేదు. ముట్టిందల్లా నింద.

నగ్మా ఆ సంస్థకి నాలుగు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికి జవాబొచ్చింది. మా దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలు, పరిశీలిస్తాం, అయితే ఇప్పటికే అచ్చయి బయటికి వెళ్ళిపోయిన పుస్తకాలూ క్యాలెండర్లూ మా చేతిలో లేవు అని. ఫోటో కింద మాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇదీ నా కక్ష. వాణ్ణి కొట్టాలనో తిట్టాలనో కాదు. నా మొగుడి ముందు నిలబెట్టి, నజీరా ఆ మాట అనలేదు అని వాడి నోటితో వాడిచేత చెప్పించాలి. ఊరికే అడిగితే చెప్తాడా? నొప్పి తెలిస్తే చెప్తాడు.

మార్క్ వచ్చాడు. గడ్డం తెల్లబడింది. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. పెద్ద పుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టాడు. అట్ట మీద నేనే, ఏడుస్తూ. లోపల ఇంకో ఫోటో చూపించాడు. ఎక్కడో ఆఫ్రికాలో ఒక ఊళ్ళో కొత్త బోరు, చుట్టూ బిందెలతో పిల్లలు.

శ్రీరమ్య తెలుగులో చెప్పింది. "మీ ఫోటో చూసి జనం ఇచ్చిన చందాలతో ఈ బోరు వేశారంటండీ. మీ కన్నీళ్ళు వృథా పోలేదంటున్నారు."

నా మొగుడి శవం మీద బోరు వేశారన్నమాట. నీళ్ళు తాగే పిల్లల మీద నాకు కోపం లేదు, పాపం వాళ్ళేం చేశారు. ఈ మనిషిని చూస్తేనే ఒళ్ళు మండింది. సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని, జీతం లేకుండా దేశాలు తిరిగే మనిషి. మంచివాడే. దొంగైతే ఒక బూతుతో సరిపెట్టేదాన్ని.

"ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చారని అడుగుతున్నారు," అంది శ్రీరమ్య, నేల చూపులు చూస్తూ. ఆ పిల్లది మార్టూరు దగ్గర పల్లె. ఊళ్ళో మాటలు దాని చెవిన పడే ఉంటాయి.

"ఒంటరిగానే నెట్టుకొచ్చానని చెప్పు," అన్నాను. అబద్ధం కాదు గదా.

మార్క్ బాధగా తలూపి, నల్ల అట్ట పుస్తకంలో ఆ మాట రాసుకున్నాడు. దానికింద ఇంకో పాత పుస్తకం ఉంది. నన్ను ఫోటో తీసిన ఏటిదేనట, ఊళ్ళూ మనుషులూ గుర్తుపట్టడానికి వెంట తెచ్చుకున్నాడట. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

"ఫోటోలు తీసుకోమను. కానీ ముందు నాతో కూర్చుని ఒక పూట కాయ తుంచాలి. అప్పుడు ఆయన్ని మా అమ్మాయి ఫోటో తీస్తుంది. అది కూడా ఫోటోగ్రాఫరే," అన్నాను.

మార్క్‌కి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. చాలా అందమైన ఆలోచన అన్నాడట. మర్నాడే వస్తానన్నాడు.

మర్నాడు నగ్మా కెమెరాతోపాటు ఒక కాగితం తెచ్చింది. నాలుగేళ్ళ కిందట నాచేత సంతకం పెట్టించుకున్న కాగితమే. సంస్థ అప్పటి జవాబుతోపాటు పంపిన దాని నకలుని నగ్మా ముక్క వదలకుండా తెలుగులోకి మార్చింది. ఈ ఫోటోని ఎక్కడైనా, ఎలాగైనా, తగిన మాటలు చేర్చి వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని ఉంది. మార్క్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి శ్రీరమ్యకి ఇచ్చాడు. శ్రీరమ్య చదివింది. ఒకసారి నా వైపు చూసింది. మళ్ళీ చదివింది.

"మన సంస్థ కాగితమే సార్. తెలుగులో ఉంది, అంతే," అంది.

వాడు నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఇక పనిలో కూర్చోబెట్టాను. ఎండ నడినెత్తిన ఉంది. అంకమ్మరావు బాబాయి అప్పుడే కాయ తిరగేయించాడు. ఘాటు పొగలా లేస్తోంది. మార్క్ వేలికి పెళ్ళి ఉంగరం ఉంది.

"అది తీసెయ్యాలి. దాని కింద కారం చేరితే వేలు బొబ్బలెక్కుద్ది," అన్నాను. ఇది నిజమే. ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తీసిన చోట వేలి చుట్టూ తెల్లటి చార కనిపించింది.

ఆముదం సంగతి నేను చెప్పలేదు. తొడిమ తుంచిన చేత్తో కళ్ళు ముట్టుకోకూడదనీ చెప్పలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. పావుగంట గడిచేసరికి చెమట పట్టి కంట్లోకి కారింది. మార్క్ చేత్తో తుడుచుకున్నాడు.

అంతే, గావుకేక పెట్టాడు. రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. అది ఇంకా తప్పు. "వాటర్, వాటర్," అంటే చెంబుతో నీళ్ళిచ్చాను. నీళ్ళకి కారం పోదు, మొహమంతా పాకుతుంది. ముక్కూ కళ్ళూ ఏకమై, మొహం కందిపోయి, వెక్కిళ్ళు పెడుతూ నేలమీద కూలబడిపోయాడు. నగ్మా వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని టకటకా ఫోటోలు కొట్టింది.

చివరికి అంకమ్మరావు బాబాయే ఉండబట్టలేక అరిచాడు. "ఏమే నజీరా, మనిషిని చంపుతావా ఏంటే? మజ్జిగ పొయ్యండే ముందు!" అని.

మజ్జిగ పోశాం, నూనె రాశాం. గంటకి తేరుకున్నాడు. మీ కష్టం ఇప్పుడు అర్థమైందని నా చేతులు పట్టుకున్నాడు. ఇంకా కాలేదులే నాయనా అనుకున్నాను.

చీరాలలో ఫ్లెక్సీ కొట్టేవాడు నగ్మాని అడిగాడట, ఇది పుట్టినరోజుదా, దినానిదా అని. రెండూ కాదు, ఓదార్పుది అందట నగ్మా. మూడోరోజు పొద్దున్నే పర్చూరు బస్టాండు ఎదురుగా, హయాత్ కొట్టుకి అవతల పక్కన లేచింది ఫ్లెక్సీ, ఇద్దరు మనుషుల ఎత్తున. నిండా మార్క్ మొహం, కళ్ళూ ముక్కూ కారుతూ. గుండెల మీద పెట్టుకున్న చేతికి ఉంగరం లేదు. కింద పెద్ద అక్షరాలు:

"శ్రీ మార్క్ గారు, ఇంగ్లండు. భార్యను పోగొట్టుకున్న అభాగ్యుడు. 'నా భార్య కారు ప్రమాదంలో చనిపోయింది. కన్నీళ్ళు తప్ప నాకిక ఎవరూ లేరు.' దయగల పర్చూరు ప్రజలారా, కనబడితే ఓదార్చండి."

అదే ఫోటోని ఇంగ్లీషు మాటలతో నగ్మా ఇంటర్నెట్‌లో కూడా పెట్టింది, సంస్థ పేరూ మార్క్ పేరూ జతచేసి.

పర్చూరు జనం మంచివాళ్ళండీ. ఆరోజు మార్క్ ఫోటోలు తీసుకుందామని సెంటర్లో కారు దిగాడో లేదో, టీకొట్టు దగ్గర ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని వదల్లేదట. ధైర్యంగా ఉండు బాబూ, వయసుంది, మళ్ళీ చేసుకో అని. ఒకావిడ అరటిపళ్ళు తెచ్చి చేతిలో పెట్టి కళ్ళొత్తుకుందట. మార్క్‌కి ఏమీ అర్థం కాక అందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ తిరిగాడట. ఫ్లెక్సీ దాకా వచ్చి తన మొహం తను చూసుకుని, శ్రీరమ్యచేత చదివించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంగ్లండు నుంచి ఫోను వచ్చింది.

మధ్యాహ్నానికి కల్లంలో ఉన్నాడు. అంత కోపంలో మనిషిని నేను చూడలేదు. ఇంగ్లీషులో అరుస్తున్నాడు, శ్రీరమ్య వెనకాల పరుగెత్తుతూ చెప్తోంది.

"వాళ్ళావిడ బతికే ఉందంటున్నారు. ఇది పచ్చి అబద్ధం అంటున్నారు. బంధువులంతా ఆవిడకి ఫోన్లు చేస్తున్నారంట. వాళ్ళత్తగారికి ఎనభై ఏళ్ళంట, కూతురు పోయిందనుకుని పడిపోయిందంట. వెంటనే తీసెయ్యమంటున్నారు."

ఆ ముసలావిడ మాట వినగానే నా మనసు చివుక్కుమంది. ఒక్క క్షణం. తర్వాత నా మూడేళ్ళు గుర్తొచ్చాయి.

"బతికే ఉందని నాకూ తెలుసమ్మా," అన్నాను. "నా మొగుడు కూడా బతికే ఉన్నాడని ఆయనకి చెప్పు. నిన్న కాదు, నాలుగేళ్ళ కిందటే నా నోటితో చెప్పాను. పర్చూరులో పంపులు బాగుచేస్తాడని చెప్పాను. ఆయన రాసుకున్నాడు కూడా. రాసుకున్నవాడు ఎందుకు చంపాడో అడుగు."

శ్రీరమ్య చెప్తుంటే మార్క్ మొహంలో రంగు దిగిపోయింది.

"ఫ్లెక్సీ మీద కావాలంటే కోర్టుకి పొమ్మను. సంతకం ఉంది నా దగ్గర. కాదూ, ఇవాళే తీసెయ్యాలంటే ఒక్కటే దారి. ఆ పాత పుస్తకం పట్టుకుని నాతో మా ఆయన కొట్టుకి రమ్మను. అక్కడ చెప్పాల్సింది చెప్పమను."

వాళ్ళ కార్లోనే పర్చూరు వెళ్ళాం. హయాత్ స్టూలు మీద కూర్చుని ఎవరిదో స్ప్రేయరు విప్పుతున్నాడు. ఎదురుగా రోడ్డవతల అంతెత్తు ఫ్లెక్సీ. కారులోంచి నేను దిగగానే తల తిప్పుకున్నాడు. నా వెనక మార్క్ దిగేసరికి లేచి నిలబడ్డాడు. చుట్టూ నలుగురు చేరారు, నలుగురు నలభై మందయ్యారు.

"చదువు," అన్నాను శ్రీరమ్యతో.

మార్క్ పుస్తకం తిప్పి ఒక పేజీ తీశాడు. శ్రీరమ్య గట్టిగా, అందరికీ వినబడేలా తెలుగులో చదివింది.

"నజీరా. ఒక కూతురు. భర్త పర్చూరులో స్ప్రేయర్లు బాగుచేస్తాడు. బాగా నవ్విస్తుంది. చేతులకి గాజులు లేవు. ఎందుకు? అడగాలి."

"అడిగాడా?" అన్నాను.

అడగలేదని మార్క్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు, శ్రీరమ్య మాట మాటా తెలుగు చేసింది. ఇంగ్లండు వెళ్ళాక ఆఫీసులో ఫోటో చూసి, ఈమె వితంతువా అని అడిగారట. గాజుల్లేని చేతులు, ఏడుపు మొహం. అవునంటే బాగుంటుందనిపించి అవునన్నాడట. ఎలా పోయాడని అడిగారట. ఆ ఏడు తాను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ పురుగుమందు మాటే విన్నాడు గనక అదే రాయించాడట. తర్వాత వేదికలెక్కి ఆ కథ చెప్పీ చెప్పీ, అదే నిజమని తనే నమ్మేశాడట.

"ఈమె ఆ మాట అనలేదు. ఈమె ఏమీ అనలేదు. అది నా అబద్ధం," అని హయాత్ వైపు తిరిగి చేతులు జోడించాడు.

జనం గుసగుసలాడారు. నిన్నటిదాకా ఎంత ముట్టిందని అడిగినవాళ్ళే అయ్యో నజీరా అన్నారు. హయాత్ మాత్రం చేతిలో గుడ్డపీలికతో గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నా కడుపులో మంట చల్లారిందనుకున్నాను.

మాట ప్రకారం గంటలో ఫ్లెక్సీ దింపించాను. మార్క్ అక్కడికక్కడే ఆఫీసుకి ఫోను చేసి నా ఫోటో కింద రాతలు తీయించాడు. కానీ సాయంత్రానికి వాడి ఏడుపు ఫోటో చిలకలూరిపేట దాకా పాకిందని, గ్రూపుల్లో తిరుగుతోందని శ్రీరమ్య ఫోను చేసింది. బయటికి వెళ్ళిపోయినవి మా చేతిలో లేవమ్మా అని చెప్పాను. వాళ్ళ మాటే వాళ్ళకి చెప్పినందుకు ఎంత హాయిగా ఉందో. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం హయాత్ ఇంటికి వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. సంచి కూడా తెచ్చుకున్నాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. మూడేళ్ళుగా ఈ క్షణం కోసమే బతికాను. ఆయన నడిచి వస్తుంటే లేచి ఎదురెళ్ళాలనే అనిపించింది.

"తప్పయింది నజీరా," అన్నాడు.

"తప్పయిందని ఎవరు చెప్పారు?"

"అదేంటే, అంతా విన్నాంగా. వాడి పుస్తకంలోనే ఉందిగా, నువ్వేం చెప్పావో."

చేట కింద పెట్టాను. అప్పటిదాకా లేని కోపం, మార్క్ మీద కూడా రాని కోపం, అరికాళ్ళ నుంచి లేచింది.

"మొదట వాడు రాసింది నమ్మి వెళ్ళిపోయావు. ఇప్పుడు మళ్ళీ వాడు రాసిందే నమ్మి వచ్చావు. మధ్యలో నేను మూడేళ్ళు మొత్తుకున్నాను. అది ఏ పుస్తకంలోనూ లేదని నమ్మలేదా?"

"అది కాదే..."

"ఆ పేజీ చిరిగిపోయుంటే? వాడు చచ్చిపోయుంటే? ఈ జన్మకి రాకపోయేవాడివిగా?"

అబద్ధమైనా ఒకటి ఆడతాడేమోనని చూశాను. ఆడలేదు.

"మోటారు గది వెనక నీ చేతిలో సీసా లాక్కున్నప్పుడు," అన్నాను, వీధిలో నలుగురూ వినేటంత గట్టిగా, "ఎవడి పుస్తకం చూసి లాక్కున్నానయ్యా?"

పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆయన మొహం పాలిపోయింది. సంచి పట్టుకుని గడప బయటే నిలబడిపోయాడు. నేను చేట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.